225 హెచ్‌పీ లైను: స్టాక్ క్లాస్ కోసం 1989 మస్టాంగ్ ఇంజన్ డైరీ

ఇప్పటిదాకా మా గరాజ్‌లోకి మూడు జతల హెడ్లు (సిలిండర్ల పై మూతలు), రెండు బ్లాకులు (సిలిండర్లు ఉండే ఇంజన్ మొండెం), 40 రాకర్లు (వాల్వ్‌లని నొక్కే చిన్న మీటలు) వచ్చాయి. కారు మాత్రం ఒక్కటే. వచ్చిన వాటిలో సగం వెనక్కి పోయాయి. పాడైపోయి కాదు, స్టాక్ క్లాస్ రూల్‌కి సరిపోక. ఇదే దారిలో దిగాలనుకునే వాళ్లు నేను పెట్టిన ఖర్చు మళ్లీ పెట్టకూడదని రాస్తున్నాను. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి, శనాదివారాలు ఇదీ.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో డ్రాగ్ రేసింగ్ (తిన్నటి ట్రాక్ మీద కార్ల పరుగు) నడిపే పెద్ద సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ, దాన్ని 1951లో వాలీ పార్క్స్ మొదలుపెట్టాడు. అందులో స్టాక్ ఎలిమినేటర్ అంటే షోరూమ్‌లో జనానికి అమ్మిన కార్లతో ఆడే ఆట. ఎగ్జాస్ట్ హెడర్లు (హెడ్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టాలు) మార్చుకోవచ్చు, స్లిక్ (గీతలు లేని) టైర్లు వేసుకోవచ్చు. ఇంజన్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ సంవత్సరం ఆ మోడల్‌లో కంపెనీ ఏది బిగించి అమ్మిందో అదే ఉండాలి. ఏది బిగించిందో చెప్పేది క్లాసిఫికేషన్ గైడ్. ప్రతి ఇంజన్‌కీ అందులో ఒక లైను ఉంటుంది: హార్స్‌పవర్, హెడ్ కాస్టింగ్ నంబరు (పోతలోనే వచ్చే గుర్తు), ఛాంబర్ (హెడ్‌లో పెట్రోలు మండే గుంట) కనీసం ఎన్ని సీసీ, వాల్వ్ సైజులు, కామ్ లిఫ్ట్ (కామ్‌షాఫ్ట్ వాల్వ్‌ని లేపే ఎత్తు), పూర్తిగా పైకొచ్చిన పిస్టన్ డెక్ (బ్లాక్ పై తలం) నుంచి కనీసం ఎంత కిందికి ఉండాలి. ఈ డైరీలో ‘లైను’ అన్న ప్రతిచోటా అర్థం అదే.

గైడ్‌లోని కనీస కొలతలు ఇక్కడ ఇవ్వడం లేదు. అవి మారుతుంటాయి, మీ లైను మీరే తెరిచి చూసుకోండి. నా కొలతకీ లైనుకీ ఎంత తేడా వచ్చిందో మాత్రం రాస్తాను.

స్టేజ్ 1: కాగితం మీద ఇంజన్

క్లాస్ ఎలా తేలుతుందంటే, కారు షిప్పింగ్ బరువుని హార్స్‌పవర్‌తో భాగిస్తారు. లెక్క కోసం 3,200 పౌండ్ల కారు అనుకోండి. 225 హెచ్‌పీ అయితే ఒక్కో హార్స్‌పవర్‌కి 14.2 పౌండ్లు. అదే బరువు, 205 హెచ్‌పీ అయితే 15.6. క్లాసే మారిపోతుంది.

ఆ రెండు సంఖ్యలూ ఊరికే తీసుకోలేదు. మస్టాంగ్‌లో వచ్చే ఫోర్డ్ 5.0 లీటర్ల హెచ్‌ఓ (హై ఔట్‌పుట్) ఇంజన్‌కి 1987 నుంచి 1992 వరకూ కంపెనీ చెప్పిన పవర్ 225. 1993లో అదే ఇంజన్‌కి 205 అని ప్రకటించారు. ఆ ఏడాది ఫోర్జ్‌డ్ పిస్టన్ల బదులు హైపర్‌యూటెక్టిక్ పిస్టన్లు వచ్చాయి, మిగతాదంతా దాదాపు పాతదే. అంతకుముందు 1986లో ఇంకో రకం: 200 హెచ్‌పీ, వేరే హెడ్లు, వాల్వ్ గుంటలు లేని ఫ్లాట్ టాప్ పిస్టన్లు. చూడ్డానికి అన్నీ ‘5.0 మస్టాంగ్ ఇంజన్’లే. గైడ్‌లో మాత్రం మూడూ వేర్వేరు లైన్లు.

కంపెనీ చెప్పే హార్స్‌పవర్ అంకె ఎప్పుడూ ఒక ఆటే. 1968లో ఫోర్డ్ తన 428 కోబ్రా జెట్ ఇంజన్‌కి 335 అని రాసింది. అసలు పవర్ అంతకన్నా బాగా ఎక్కువని తెలియని వాళ్లు లేరు. ఆ ఏడాది పొమోనా వింటర్‌నేషనల్స్‌లో ఆల్ జోనియెక్ ఆ ఇంజన్ ఉన్న మస్టాంగ్‌తోనే సూపర్ స్టాక్ అనే క్లాస్ గెలిచాడు. షెవర్లే కమారో జెడ్/28 కారు 302 ఇంజన్ మీద ఉన్న 290 కూడా ఆ బాపతే. అందుకే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ కంపెనీ అంకెని గుడ్డిగా తీసుకోదు. ఏదైనా ఇంజన్ ఇండెక్స్ (ఆ క్లాస్‌కి పెట్టిన టైము) కంటే మరీ వేగంగా వెళ్తుంటే దాని లెక్క హార్స్‌పవర్ పెంచుతుంది. పోయినేడు ప్రింట్ తీసుకున్న గైడ్ కాగితాన్ని నమ్ముకోవద్దు అనడానికి కారణం ఇదే.

నేను ఎంచుకున్నది 1989 మస్టాంగ్ ఎల్‌ఎక్స్, ఐదు గేర్ల మాన్యువల్. 1989 నుంచి అన్ని 5.0 మస్టాంగ్‌లకూ మాస్ ఎయిర్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నేరుగా కొలిచేది) వచ్చింది. 1987, 88 కార్లలో, కాలిఫోర్నియాకి వెళ్లిన కొన్ని 88లు తప్ప, స్పీడ్ డెన్సిటీ, అంటే గాలిని కొలవకుండా అంచనా వేసే పద్ధతి. కామ్ మార్చినప్పుడు ఐడిలింగ్‌తో కుస్తీ పట్టక్కర్లేదని మాస్ ఎయిర్ తీసుకున్నాను.

కారు 6,500 డాలర్లు, ట్రెయిలర్ అద్దె 180.
ఇప్పటివరకు: 6,680 డాలర్లు, 14 గంటలు.

స్టేజ్ 2: ‘ఒరిజినల్ ఇంజన్ అండీ’

అమ్మినాయన మాట అది. అబద్ధం చెప్పాడని నేను అనుకోవడం లేదు. ఆయనకి అమ్మినాయన కూడా ఆ మాటే చెప్పి ఉంటాడు.

హెడర్లు బిగిస్తుంటే ఒక ట్యూబ్ స్పార్క్ ప్లగ్ బూట్‌ని తాకుతోంది. హెడర్లు తేడా అనుకుని రెండు సాయంత్రాలు వాటితోనే గడిపాను. మూడో రోజు టార్చి వేసి హెడ్ చివర చూస్తే అక్కడ ఉండాల్సిన ఈ7టీఈ కాస్టింగ్ లేదు. అవి జీటీ40పీ హెడ్లు, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌లో వచ్చేవి. వీటిలో ప్లగ్ నిలబడే కోణం వేరు. హెడర్ తగిలింది అందుకే. రోడ్డు మీద తిరిగే కారుకి మంచి హెడ్లే, ఈ7టీఈ కన్నా గాలి బాగా పీలుస్తాయి. నా లైనులో లేవు కాబట్టి నాకు పనికిరావు. 1993 కోబ్రాకి జీటీ40 హెడ్లు ఉన్నాయిగా అని ఒకాయన అడిగాడు. అవి జీటీ40లు, పీ కావు. అసలు కోబ్రా లైనే వేరు, దానికి 235 హెచ్‌పీ, రాకర్ రేషియో (కామ్ లేపే ఎత్తుని రాకర్ ఎన్ని రెట్లు చేస్తుందో) 1.7. ఒక లైనులోంచి హెడ్డు, ఇంకో లైనులోంచి పిస్టన్ తెచ్చి కలపడానికి లేదు.

కొనేముందు పావుగంట పెట్టి ఇవి చూసుకోండి. నేను చూడలేదు:

1. రెండు హెడ్ల మీదా కాస్టింగ్ గుర్తు. ఒకటే చూసి రెండోది అదే అనుకోవద్దు.
2. ప్లగ్ తీసి ఆ రంధ్రంలోంచి బోర్‌స్కోప్‌తో పిస్టన్ తల. వాల్వ్ గుంటలు కనపడకపోతే అది 86 పిస్టన్ అయ్యుండొచ్చు.
3. థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలిని వదిలే ద్వారం) నోరు కాలిపర్‌తో. దీని సంగతి స్టేజ్ 6లో వస్తుంది.
4. ఇన్‌టేక్ మేనిఫోల్డ్ పై భాగం, కింది భాగం రెండింటి కాస్టింగ్ నంబర్లు.

ఈ7టీఈ హెడ్లు దొరకడం కష్టం కాదు. ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కుల్లో కూడా అవే వేశారు. పాత సామాన్ల యార్డులో జత 110 డాలర్లకి వచ్చింది. జీటీ40పీలు 275కి పోయాయి. ఈ డైరీ మొత్తంలో నాకు లాభం వచ్చిన పని ఇదొక్కటే.

ఇప్పటివరకు: 6,515 డాలర్లు, 31 గంటలు.

స్టేజ్ 3: ఛాంబర్‌లో ఎన్ని సీసీ

బ్యూరెట్, స్టాండ్, పావు అంగుళం మందం యాక్రిలిక్ పలక, గ్రీజు కలిపి 58 డాలర్లు. నీళ్లు వద్దు, బుడగలు కడతాయి. రుద్దుకునే ఆల్కహాల్ తీసుకుని కనపడటానికి అందులో రంగు కలపండి. నేను వంటింట్లోంచి కేసరిలో వేసే రంగు తెచ్చుకున్నాను. ఆ వారం మా ఇంట్లో కేసరి తెల్లగా వచ్చింది.

1. వాల్వ్‌లు, అసలు వాడబోయే ప్లగ్ బిగించాలి. ప్లగ్ లేకుండా కొలిస్తే సంఖ్య తప్పు.
2. వాల్వ్ అంచుకి, పలక కిందా పలుచగా గ్రీజు.
3. హెడ్‌ని కొంచెం వాలుగా పెట్టి, పలక రంధ్రం ఎత్తు వైపు ఉంచాలి. గాలి అటే పోతుంది.
4. ఒక్కో ఛాంబర్ మూడుసార్లు. మూడు రీడింగుల మధ్య 0.2 సీసీ కంటే ఎక్కువ తేడా వస్తే మొదటి నుంచీ.

మొదటి రోజు నా రీడింగులు 0.4 తేడాతో ఊగాయి. గ్రీజు ఎక్కువ పూయడమే కారణం. రెండో రోజుకి చెయ్యి కుదిరింది. కుదిరాక తెలిసిన విషయం బాగాలేదు: ఎనిమిది ఛాంబర్లలో మూడు లైను కనీసం కంటే తక్కువ, అన్నిటికన్నా చిన్నది 1.6 సీసీ తక్కువ. ఎవరో ఎప్పుడో ఈ హెడ్లని బాగా మిల్లింగ్ చేశారు, అంటే అడుగు తలాన్ని కోశారు.

ఛాంబర్ లోపల గ్రైండర్ పెట్టి పెద్దది చేద్దామంటే రూల్ ఒప్పుకోదు. వాల్వ్ జాబ్‌లో వాల్వ్‌ని సీటులోకి దించితే ఛాంబర్ పెరుగుతుంది, అది లెక్క కట్టాను. ఇన్‌టేక్ వాల్వ్ 1.78 అంగుళాలు. దాన్ని 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) దించితే 0.82 సీసీ. ఎగ్జాస్ట్ 1.45 అంగుళాలు, అదే 20 థౌకి 0.54. కలిపి 1.36 సీసీ. 1.6 కావాలంటే 24 థౌ దించాలి. అంత దించితే వాల్వ్ గోతిలో కూర్చున్నట్టే, లిఫ్ట్ తక్కువగా ఉన్నప్పుడు గాలి రాదు. లిఫ్ట్ పరిమితి ఉన్న క్లాస్‌లో తక్కువ లిఫ్ట్ దగ్గర వచ్చే గాలే ప్రాణం. హెడ్లు మార్చేశాను.

రెండో జత 90 డాలర్లు. ఈసారి బ్యూరెట్ యార్డుకే తీసుకెళ్లాను. వాళ్లు నవ్వారు, కొలవనిచ్చారు. ఎనిమిదీ కనీసం కంటే ఎక్కువే: 0.9 నుంచి 2.3 సీసీ దాకా. అన్నిటికన్నా చిన్న ఛాంబర్‌ని పట్టుకుని లెక్క కట్టాలి, సగటుని కాదు. ఈ హెడ్‌లో ఒక థౌ మిల్లింగ్‌కి 0.15 సీసీ తగ్గుతోంది. 4 థౌ తీయించాను, 0.6 తగ్గింది, 0.3 మిగిలింది. నా కొలతలో తప్పు 0.2. మిగిలిన 0.1 కోసం ఆశపడలేదు.

వాల్వ్ జాబ్, మిల్లింగ్ కలిపి 520.
ఇప్పటివరకు: 7,183 డాలర్లు, 52 గంటలు.

స్టేజ్ 4: ‘క్లీన్ అప్’ అనే రెండు మాటలు

ఈ డైరీ మొత్తంలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇది. సగం తప్పు నాదే.

బోర్ (సిలిండర్ రంధ్రం) అరిగి ఉంది. 30 థౌ ఓవర్ సైజు చేయించాలని బ్లాక్‌ని ఒక మెషిన్ షాపుకిచ్చాను. పని కాగితం మీద ‘బోర్, హోన్, డెక్ క్లీన్ అప్’ అని రాశాను. షాపులో డెక్‌ని శుభ్రంగా, అద్దంలా, పూర్తిగా క్లీన్ చేసి ఇచ్చారు.

విప్పేముందు నేను కొలిచినప్పుడు ఒకటో నంబరు పిస్టన్ డెక్ నుంచి 0.018 అంగుళం కింద ఉండేది. ఇప్పుడు కొలిస్తే ఎడమ వైపు 0.005, కుడి వైపు 0.009. లైను అడిగేది అంతకన్నా ఎక్కువ లోతు. 4.030 బోర్‌కి ఒక థౌ ఎత్తు అంటే 0.209 సీసీ. ఎడమ వైపు ఒక్కో సిలిండర్‌లో 2.7 సీసీ మాయమైంది.

మందమైన గాస్కెట్ వేస్తే కంప్రెషన్ సరిపోతుంది కదా అని మా బావమరిది అన్నాడు. వాడు మెకానికల్ ఇంజనీరు, వాడి లెక్క తప్పు కాదు. చిక్కెక్కడంటే రూల్ మొత్తం కంప్రెషన్‌ని చూసి వదిలేయదు. డెక్ లోతు ఒక కొలత, ఛాంబర్ ఇంకో కొలత, దేనికదే సరిపోవాలి. ఒకచోట పోగొట్టుకున్నది ఇంకోచోట కట్టడానికి లేదు. కంప్రెషన్ ఎత్తు (పిన్ నుంచి పిస్టన్ తల దాకా) తక్కువున్న రీబిల్డ్ పిస్టన్లు మార్కెట్‌లో దొరుకుతాయి, సరిగ్గా ఇలా కోసేసిన బ్లాకుల కోసమే చేస్తారు. నా లైనుకి ఒప్పుకున్న పిస్టన్ అదో కాదో తేల్చుకోకుండా డబ్బు పెట్టదలుచుకోలేదు.

షాపుకి వెళ్లి అడిగాను. ‘మీరు క్లీన్ అప్ అన్నారు, చేశాం’ అన్నారు. కాగితం మీద ఒక్క సంఖ్య కూడా లేదు. నేనే సంతకం పెట్టాను.

రెండో బ్లాక్, ఒక గుద్దేసిన మస్టాంగ్ నుంచి, 200 డాలర్లు. వేరే షాపు. ఈసారి కాగితం మీద రాసింది ఇది:

1. డెక్ మీద ఏ మూలా 0.003 అంగుళం మించి తీయవద్దు.
2. అంతలో క్లీన్ కాకపోతే ఆపి నాకు ఫోన్ చేయాలి.
3. తీసిన తర్వాత నాలుగు మూలల కొలతలూ బిల్లు మీద రాసివ్వాలి.
4. బోర్ 4.030. హోనింగ్‌కి టార్క్ ప్లేట్ (హెడ్ బిగించినట్టే బ్లాక్‌ని ఒత్తే మందపాటి పలక) బిగించాలి.

అసెంబ్లీ తర్వాత డయల్ గేజ్‌తో ఎనిమిది పిస్టన్లూ చూశాను. పిస్టన్ పిన్ మీద ఊగుతుంది కాబట్టి పిన్ గీత మీదే గేజ్ పెట్టాలి, పై అంచు దగ్గర పెడితే తప్పు రీడింగు. 0.0155 నుంచి 0.0170 మధ్యలో ఉన్నాయి. చెల్లుతుంది. మొత్తం 306 క్యూబిక్ అంగుళాలు, కంప్రెషన్ లెక్కకి 9.2కి 1 దగ్గర తేలింది.

మొదటి షాపు బిల్లు 740, రెండో షాపు 690, పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు 980. కోసేసిన బ్లాక్ బ్రాకెట్ రేసులు ఆడే ఒకాయన 150కి తీసుకెళ్లాడు. ఆయనకి డెక్ లోతుతో పనిలేదు. హాయిగా ఉన్నాడు.

ఇప్పటివరకు: 9,643 డాలర్లు, 96 గంటలు.

స్టేజ్ 5: 0.444 అంగుళం

స్టాక్ క్లాస్ రూల్‌లో నాకు నచ్చే తమాషా కామ్‌షాఫ్ట్. వాల్వ్ ఎంత ఎత్తు లేవాలో కంపెనీ కొలతే. ఎంతసేపు తెరిచి ఉండాలో మీ ఇష్టం. దాంతో ఈ క్లాస్ కామ్‌లు విచిత్రంగా ఉంటాయి: వాల్వ్‌ని గబుక్కున లేపి, ఆ ఎత్తులోనే చాలాసేపు పట్టి ఉంచి, గబుక్కున దించుతాయి. అలా ఆడించాలంటే గట్టి స్ప్రింగులు కావాలి. అవి మార్చుకోవచ్చు. 5.0 పాత స్ప్రింగులు ఈ కామ్ మీద నిలవవు.

కంపెనీ లిఫ్ట్ 0.444. లోబ్ (కామ్ మీది ఉబ్బు) 0.278, రాకర్ రేషియో 1.6, గుణిస్తే దాదాపు అంతే. జాగ్రత్త కోసం లోబ్ 0.277 చేయించాను. వచ్చిన కామ్‌ని వీ బ్లాకుల మీద పెట్టి చూస్తే 0.2768 నుంచి 0.2772. చాలా బాగా గ్రైండ్ చేశారు.

బిగించి, ఒకటో సిలిండర్ ఇన్‌టేక్ రిటెయినర్ (వాల్వ్ స్ప్రింగ్ పై మూత) మీద గేజ్ పెట్టాను. 0.4485 వచ్చింది.

గేజ్ స్టాండ్ కదిలిందేమోనని మూడుసార్లు చూశాను. అదే. కామ్ సరిగ్గా ఉంది కాబట్టి తేడా రాకర్‌ది: 1.6 అని పేరు, చేసే పని 1.619. గుట్టలుగా చేసే రాకర్లు ఒక్కోటీ ఒక్కోలా ఉంటాయి. నాలుగున్నర థౌ ఎక్కువ అంటే గెలిచిన తర్వాత ఇంజన్ విప్పి చూపించే చోట కథ అయిపోయినట్టే.

పాత రాకర్లు ఒక డబ్బా, 40, నలభై డాలర్లకే కొన్నాను. కొలిచిన పద్ధతి:

1. ఒక హైడ్రాలిక్ లిఫ్టర్ (కామ్‌కీ పుష్‌రాడ్‌కీ మధ్య ఉండే ముక్క) విప్పి, లోపల వాషర్లు పేర్చి గట్టిగా చేశాను. లేకపోతే లిఫ్టర్ కుంగి లిఫ్ట్ తక్కువ చూపిస్తుంది.
2. ఒకటో ఇన్‌టేక్‌కి మెత్తటి చెకింగ్ స్ప్రింగ్.
3. ఒక్కో రాకర్ అదే చోట బిగించి, సందు లేకుండా చేసి, రెండుసార్లు తిప్పి కొలత.
4. రాకర్ మీద మార్కర్‌తో రేషియో.

1.55 నుంచి 1.63 వరకూ వచ్చాయి. ఒకే కంపెనీ, ఒకే డబ్బా! 1.590 నుంచి 1.602 మధ్యలో 17 దొరికాయి. వాటితో లిఫ్ట్ 0.4404 నుంచి 0.4438. అసలు స్ప్రింగులు వేస్తే రాకర్, పుష్‌రాడ్ కాస్త వంగి ఇంకో మూడు థౌ తగ్గుతుంది. ఆ తగ్గుదలని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఎక్కువ చూపించే కొలతతోనే పాస్ అవ్వాలి.

ఇంకో చిక్కు. 5.0 రాకర్లు పెడెస్టల్ (కదలని దిమ్మె) మీద కూర్చుంటాయి, నట్ తిప్పి సర్దుకునే వీలు లేదు. వాల్వ్ జాబ్ తర్వాత వాల్వ్ కాడ కొంచెం పైకొచ్చింది, లిఫ్టర్ మీద ఒత్తిడి పెరిగింది. రెండు వాల్వ్‌లు పూర్తిగా మూసుకోవడం లేదని లీక్ టెస్ట్‌లో తెలిసింది. ఆ రెండిటి పెడెస్టళ్ల కింద 0.030 షిమ్ (పలుచని రేకు) పెట్టాక సరిపోయింది. షిమ్ పెట్టాక లిఫ్ట్ మళ్లీ కొలవాలి, రాకర్ కోణం మారుతుంది.

పిల్లల బంకమట్టి పెట్టి పిస్టన్‌కీ వాల్వ్‌కీ ఉన్న సందు కూడా చూశాను. లిఫ్ట్ పాతదే అయినా కామ్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది కాబట్టి పిస్టన్ పైకొచ్చే వేళకి వాల్వ్ ఇంకా బయటే ఉంటుంది. ఇన్‌టేక్ 0.118, ఎగ్జాస్ట్ 0.131. ఈ పిస్టన్ల గుంటలు కాపాడాయి. 86 పిస్టన్లయితే ఈ కామ్ వేసే ధైర్యం చేసేవాణ్ణి కాదు.

కామ్ 390, స్ప్రింగులు 210, గేజ్, స్టాండ్ 75, రాకర్లు 40.
ఇప్పటివరకు: 10,358 డాలర్లు, 131 గంటలు.

స్టేజ్ 6: ఇంట్లో తనిఖీ

ట్రాక్‌కి వెళ్లే ముందు శనివారం మా బావమరిదిని ఇన్‌స్పెక్టర్‌గా కూర్చోబెట్టాను. చేతికి లైను కాగితం, కాలిపర్ ఇచ్చాను. విప్పకుండా కొలవగలిగిన వాటికి నా సంఖ్యలు చూపించలేదు. వాడు కాగితం మీద మొదటి గడి నుంచి చదువుతూ వచ్చాడు. హెడ్ కాస్టింగ్, సరే. ఛాంబర్, డెక్, బిల్లు మీదా నోట్‌బుక్‌లోనూ సరే. లిఫ్ట్ నాలుగు చోట్ల కొలిచాడు, సరే. నేను టీ పెట్టడానికి లోపలికెళ్లాను.

“బావా, థ్రాటిల్ బాడీ కొలిచావా?”

“అది కారుతో వచ్చిందేరా.”

“65 ఉంది. కంపెనీది 60 మిల్లీమీటర్లు.”

హెడ్లు మార్చిన మహానుభావుడే ఇదీ మార్చినట్టున్నాడు. 131 గంటలు ఇంజన్ అడుగు నుంచి పైదాకా థౌ లెక్కన కొలిచాను. బానెట్ ఎత్తగానే కళ్లకెదురుగా ఉండేదాన్ని మాత్రం ప్రతిసారీ తీసి పక్కన పెట్టి, మళ్లీ బిగించాను. మాస్ ఎయిర్ సెన్సర్ కూడా అప్పుడే చూశాం. అది కంపెనీ 55 మిల్లీమీటర్లదే, బతికిపోయాను.

60 మిల్లీమీటర్ల థ్రాటిల్ బాడీ యార్డులో 35 డాలర్లు. సోమవారం తెచ్చి, శుభ్రం చేసి, కొలిచి, బిగించాను. ఆ వరసలో.

ఆ వారం ఎన్నిస్‌లో టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ టెస్ట్ డేకి వెళ్లాను. 1986లో కాంక్రీటుతో కట్టిన పావు మైలు ట్రాక్ అది. ఎంట్రీ, పెట్రోలు 140. మూడు రన్లు: 12.71, 12.58, 12.60 సెకన్లు. క్లచ్ మొదటి రన్‌లో జారింది, మిగతా రెండిట్లో గేర్లు మార్చేటప్పుడు నా కాలు బాగా ఆలస్యం. ఈ క్లాస్‌లో పేరున్న 5.0లు దీనికన్నా చాలా వేగంగా వెళ్తాయి. ఇంటికొచ్చి వాల్వ్ కవర్లు తీసి 16 లిఫ్టులూ మళ్లీ కొలిచాను. ఏడో నంబరు ఎగ్జాస్ట్ 0.4421 నుంచి 0.4396కి పడింది. రాకర్ కూర్చునే చోటు అరిగింది. పదిహేడో రాకర్ అక్కడికి వెళ్తోంది.

ఇప్పటివరకు: 10,533 డాలర్లు, 149 గంటలు.